నల్లరాయి కింద ఏముంది? కిన్వట్‌లో ఐదు రోజులు

మొదటి రోజు

తెల్లవారుజామున నాలుగింటికి హైదరాబాద్‌లో బయల్దేరాం. జీపు వెనక సీట్లో స్పాంజి చుట్టిన పెట్టెల్లో నేల కదలికను రికార్డు చేసే రెండు సీస్మోమీటర్లు, వాటి పక్కన బ్యాటరీలు, సోలార్ పలకలు, చుట్టలు చుట్టిన కేబుళ్ళు, ఎనిమిది కిలోల సమ్మెట. గుంతల రోడ్డు వచ్చినప్పుడల్లా మా జూనియర్ కుర్రాడు వెనక్కి తిరిగి పెట్టె మీద చెయ్యి ఆనిస్తున్నాడు.

నిజామాబాద్ దాటేదాకా కిటికీలోంచి మనకు అలవాటైన దృశ్యమే. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గుండ్రాళ్ళ గుట్టలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. అదంతా గ్రానైట్. భైంసా దగ్గరికి వచ్చేసరికి గుండ్రాళ్ళు కనపడటం మానేశాయి. నేల నల్లబడింది. భోకర్ వైపు తిరిగాక గుట్టల ఆకారమే మారిపోయింది. తల కోసేసి చదును చేసినట్టు బల్లపరుపుగా, పక్కల మెట్లు మెట్లుగా. ఒక్కో మెట్టు లావా పారిన ఒక్కో దఫా. ఇవాళ్టి నుంచి మా కాళ్ళ కింద ఉండేది దక్కన్ ట్రాప్స్, అంటే సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట పొంగి, ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉన్న నల్లరాయి.

ఈ ప్రయాణం నాకెందుకు ముఖ్యమో చెప్పాలి. ఆరేళ్ళుగా నా పని రీయూనియన్ దీవి కింద భూపటలం, అంటే భూమి పైపెంకు, ఎంత మందం, ఏ ఆకారంలో ఉందో భూకంప తరంగాల రికార్డుల్లో వెతకడం. ఆ దీవి హిందూ మహాసముద్రంలో, ఇక్కడికి దాదాపు 5,000 కిలోమీటర్ల దూరంలో, మడగాస్కర్‌కు తూర్పున ఉంది. నేను ఒక్కసారి కూడా చూడలేదు. కానీ దాన్ని పుట్టించిన పొయ్యి, ఈ నల్లరాయిని పొంగించిన పొయ్యి ఒకటేనని మా రంగంలో ఎక్కువమంది నమ్ముతారు. భూమి లోతుల్లో ఆ వేడి ఊట దాదాపు ఒకే చోట ఉండిపోయింది, పైన మన దేశం ఉత్తరానికి జరిగిపోయింది. జరుగుతున్నంతసేపూ కింద నుంచి వాతలు పడ్డాయి. లక్షద్వీప్, మాల్దీవుల కింద ఉన్న గట్టు, ఛాగోస్, మారిషస్, చివరికి రీయూనియన్ అలా వరసగా పడిన వాతలే. మొదటి వాత మాత్రం మన నేల మీదే పడింది. ఆ మచ్చ అంచు మా మేనత్త వాళ్ళ ఊరు కిన్వట్ మీదుగా పోతుంది. దాని కింద ఏముందో వినడానికే ఈ ప్రయాణం.

మారిషస్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1830ల నుంచి కోరంగి రేవులో ఓడలెక్కి చెరకు తోటల్లో కూలికి వెళ్ళిన మనవాళ్ళ సంతతి ఆ దీవిలో ఇప్పటికీ ఉంది. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు. దాదాపు 90 లక్షల ఏళ్ళ కిందట మొదలైన అగ్నిపర్వతపు దీవి మీద ఉగాది పచ్చడి చేసుకుంటున్నారన్న సంగతి నాకు ఎప్పుడు గుర్తొచ్చినా మనసు నిండుతుంది.

మధ్యాహ్నానికి కిన్వట్ చేరాం. ఇది నాందేడ్ జిల్లా, కానీ 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే. అత్తయ్య వాళ్ళ ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, పత్తి బేరానికి హిందీ. భోజనంలో జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు, కందిపప్పు.

"ఏం బిడ్డా, గుంత తొవ్వడానికి గింత దూరం వచ్చినవా?" అంది అత్తయ్య. కాసేపాగి గొంతు తగ్గించి, "మళ్ళ కిల్లారి లెక్క అయితదా?" అని అడిగింది.

1993 సెప్టెంబర్ 30, తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలు. గణేశ్ నిమజ్జనం ముగించుకుని జనం ఆదమరిచి నిద్రపోతున్న వేళ. లాతూర్ జిల్లా కిల్లారి చుట్టుపక్కల ఊళ్ళు రాళ్ళకుప్పలయ్యాయి, దాదాపు పదివేల మంది పోయారు. అంత దూరంలో ఉన్న ఇక్కడ కూడా గోడ మీద పళ్ళేలు మోగాయట, అత్తయ్యకు ఇంకా చెవిలో ఉంది ఆ చప్పుడు. 2024 మార్చి 21 పొద్దున హింగోలిలో 4.5 తీవ్రతతో వచ్చినప్పుడు వీధంతా బయటికి పరుగెత్తింది. నేను తెచ్చిన యంత్రం రాబోయేదాన్ని చెప్పదు, వచ్చినదాన్ని వింటుంది, అంతే. ఆ మాట అత్తయ్యకు చెప్పడం నాకు కష్టమైంది. ఆమె తల ఊపి, ఇంకో రొట్టె వేసింది.

రెండో రోజు

మామయ్య చేను ఊరికి రెండు కిలోమీటర్లు. పత్తి ఏరుడు నడుస్తోంది. చేను మూలన పాత పశువుల కొట్టం ఉంది, బోరు మోటారుకు, రోడ్డుకు దూరంగా. మొదటి సీస్మోమీటర్‌కు ఆ చోటే నచ్చింది.

గుంత తవ్వడం మొదలెట్టాం. అడుగున్నర నల్లరేగడి, ఆ తర్వాత పసుపు తిరిగిన మొరం, నాలుగో అడుగులో గడ్డపార ఖంగుమంది. నల్లరాయి తగిలింది. రాయి మీద పలచగా సిమెంటు పోసి, దాని మీద నాపరాయి ముక్క పరిచాం. దాని మీద సీస్మోమీటర్ కూర్చుంటుంది. మూడు కాళ్ళ మర తిప్పుతూ పైన ఉన్న నీటి బుడగను సరిగ్గా వలయం మధ్యకు తేవాలి. బుడగ వలయంలోకి వచ్చే ఆ చివరి పావు మలుపు దగ్గర ఊపిరి కూడా బిగబడతాం.

తర్వాత యంత్రాన్ని ఉత్తరానికి తిప్పాలి. కుర్రాడు జేబులోంచి దిక్సూచి తీశాడు. నేను వద్దన్నాను. దిక్సూచిని నేల మీద ఒక చోట పెట్టి చూపించాను, నాలుగడుగులు జరిపి మళ్ళీ చూపించాను. ముల్లు మరో వైపు తిరిగింది. బసాల్ట్‌లో, అంటే ఈ నల్లరాయిలో, మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది, లావా చల్లబడే వేళ అది అప్పటి భూమి అయస్కాంత దిశను తనలో దాచుకుంటుంది. దిక్సూచి ఉత్తరంతో పాటు ఈ రాయి మాట కూడా వింటుంది. ఈ పాఠం నాకు తేలిగ్గా రాలేదు. పని నేర్చుకునే రోజుల్లో ఇలాంటి రాయి మీదే దిక్సూచిని నమ్మి ఒక స్టేషన్ పెట్టాను. ఎనిమిది నెలల రికార్డు దిశ తప్పింది, దాన్ని సరిచేయడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఈసారి రెండు కర్రలు పాతి, జీపీఎస్‌తో గీత కొట్టి, ఎండ నీడతో ఒకసారి సరిచూసి తిప్పాం.

సాయంత్రం లాప్‌టాప్ కలిపాం. పత్తి ఏరే ఆడవాళ్ళు, వాళ్ళ పిల్లలు చుట్టూ చేరారు. ఒక పిల్లవాణ్ణి గెంతమన్నాను. గీత ఎగిరింది. ఇక అందరూ గెంతారు. వాళ్ళు ఇళ్ళకు పోయాక అంతా సద్దుమణిగింది, కానీ గీత నిలకడగా లేదు. ఐదారు సెకన్లకోసారి నెమ్మదిగా ఊగుతోంది, నిద్రపోతున్న మనిషి ఛాతీలా.

"ఇదేంది?" అన్నాడు మామయ్య.

"సముద్రం మామయ్యా."

ఆయన నమ్మలేదు. ఇక్కడికి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. కానీ అలలు ఒకదానికొకటి ఎదురై సముద్రపు అడుగును నొక్కే ఆ కదలిక ఖండాల మధ్యకు కూడా వస్తుంది. మొదట్లో అందరూ దీన్ని వదిలించుకోవాల్సిన రొదగానే చూశారు. ఇప్పుడు అదే పనిముట్టు. రీయూనియన్‌లో ఉన్న పిటాన్ దె ల ఫూర్నేజ్ ప్రపంచంలో అతి తరచుగా పేలే అగ్నిపర్వతాల్లో ఒకటి. దాని ఒంటి మీద ఉన్న స్టేషన్లు పట్టిన ఈ సముద్రపు రొదనే జత చేసి చూసి, పేలుడుకు ముందు కొండలో తరంగాల వేగం కాస్త తగ్గుతోందని 2008లో చూపించారు. తగ్గేది వెయ్యిలో ఒక వంతు. అంత చిన్న తేడాను పట్టుకున్నారు.

మూడో రోజు

ఇవాళ సమ్మెట పని. పొద్దున్నే చేను గట్టు వెంట ఐదేసి మీటర్లకు ఒకటి చొప్పున నేల అదురును పట్టే చిన్న పరికరాలు, జియోఫోన్లు, ఇరవై నాలుగు గుచ్చుకుంటూ పోయాం. ఒక కొసన ఇనుప పలక పెట్టి సమ్మెటతో కొట్టాలి. దెబ్బ పడిన క్షణం నుంచి ఒక్కో జియోఫోన్‌కు కదలిక ఎన్ని మిల్లీసెకన్లకు చేరిందో లెక్కకట్టాలి. దగ్గరవాటికి మట్టిలోంచే అల వస్తుంది. దూరంగా ఉన్నవాటికి మాత్రం కిందకు దిగి, గట్టి రాయి వెంట వేగంగా పరిగెత్తి, పైకి ఎక్కి వచ్చిన అల ముందు చేరుతుంది. ఊళ్ళ మీదుగా పోయే పాత రోడ్డు దగ్గరే అయినా, చుట్టూ తిరిగే హైవే మీద పోయినవాడు ముందు చేరినట్టు.

సమ్మెట కొట్టడానికి మామయ్య ఒక వడ్డెర పెద్దాయనను పిలిచాడు. మరాఠ్వాడాలో వాళ్ళని వడార్లంటారు. తరాల కిందట రాళ్ళ పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు, ఇళ్ళల్లో మాట ఇప్పటికీ తెలుగే. మన చెవికి కొత్తగా తగిలే పాత తెలుగు. ఆయనకు డెబ్బై పైనే ఉంటాయి. అరచేతులు ఎండిన తోలులా ఉన్నాయి, ఎడమ బొటనవేలి గోరు లేదు.

మా ఇనుప పలకను ఒకసారి చూసి, దాన్ని పక్కకు జరిపి, నేల మీద తేలి ఉన్న ఒక బండను చిన్న సుత్తితో తట్టాడు. చెవి వంచాడు. ఇంకో చోట తట్టాడు.

"రాయి పలుకుతది. మంచి రాయి గంట లెక్క పలుకుతది. కడుపుల పగులున్నది డొల్ల పలుకుతది. అసుంటిదాన్ని ముట్టుకోం, చేతులు పోతయ్."

"తాతా, నీకు ఎంత లోపలి దాకా తెలుస్తది?"

"జానెడు. మూరెడు. ఆపైన దేవుని పని."

జానెడు, మూరెడు లోపలి సంగతి వింటున్న ఆయన చెవి, కిలోమీటర్ల లోతు వింటున్న మా యంత్రం ఒకే సూత్రం మీద నడుస్తాయి. నేను ఆయన పక్కన గట్టు మీద కూర్చుని నాకు తెలిసినంతా చెప్పాను. ఆయన బీడీ ఆర్పేసి విన్నాడు.

1972లో కావలి నుంచి ఉడిపి దాకా, సుమారు 600 కిలోమీటర్ల బారున, సోవియట్ శాస్త్రవేత్తలతో కలిసి మన హైదరాబాద్ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్ళు బోరు గుంతల్లో మందు పేల్చి, ఇలాగే వరసగా జియోఫోన్లు పెట్టి విన్నారు. మన దేశంలో భూపటలం అడుగు దాకా విన్న మొదటి సర్వే అదే. సముద్రంలో అయితే పేలుడు మందుకు బదులు ఓడ వెనక గాలి తుపాకులు కడతారు. బిగబట్టిన గాలిని ఒక్కసారిగా నీళ్ళలోకి వదులుతాయి, నిమిషానికో రెండు నిమిషాలకో ఒకటి చొప్పున, రాత్రింబవళ్ళు. 1993లో రీయూనియన్ చుట్టూ అలా ఓడ తిరిగింది. అడుగున పెట్టిన యంత్రాలు, దీవి మీద ఉన్న యంత్రాలు కలిసి విన్నాయి.

ఏం వెతికారు? ఇది చెప్పడానికి అక్కడే ఉన్న నులక మంచం పనికొచ్చింది. దాని మీద ఏరిన పత్తి మూట పెట్టి ఉంది, నులక కుంగి ఉంది. సముద్రం అడుగున భూపటలం మామూలుగా 6, 7 కిలోమీటర్ల మందమే. మన ఖండం కింద అది 35, 40 కిలోమీటర్లు. ఆ పలచటి పటలం మీద రీయూనియన్ లాంటి కొండ కూర్చుంది. సముద్రపు అడుగు నుంచి లెక్కేస్తే దాని ఎత్తు దాదాపు 7 కిలోమీటర్లు, నీళ్ళ పైన కనపడేది అందులో సగం కన్నా తక్కువ. అంత బరువుకు పటలం నులకలా కుంగాలి. హవాయి దగ్గర కుంగింది. 1980లలో రెండు ఓడలతో చేసిన సర్వేలో ఆ వంపు స్పష్టంగా కనపడింది. దానితో పాటు పటలం అడుగున ఇంకో పొర కూడా కనపడింది. పైకి రాలేకపోయిన శిలాద్రవం అక్కడే గడ్డకట్టిన పొర అని అప్పుడు చెప్పారు. దాంట్లో తరంగాల వేగం పటలానికీ, దాని కింద ఉండే మాంటిల్ అనే పొరకూ మధ్యస్థంగా ఉంటుంది.

రీయూనియన్ దగ్గర అలా కాలేదు. ఊహించినంత వంపు లేదు. పటలం అడుగున అదనపు పొర ఉంది, కానీ దీవి కింద కొంత మేర మాత్రమే, మందం మహా అయితే 3 కిలోమీటర్లు. మంచం కింద నుంచి ఎవరో దిండు ఎత్తిపట్టినట్టు ఆ పొర కొంత బరువు మోస్తోందా, లేక మంచం పట్టెలే గట్టివా? ఇంకో వైపు, పసిఫిక్‌లోని మార్కెసాస్ దీవుల కింద ఇలాంటి పొర ఉందన్నారు, అట్లాంటిక్‌లోని కేప్ వర్డ్ కింద వెతికితే కనపడలేదు. అన్ని అగ్నిపర్వత దీవులకూ ఒకే నమూనా గీసి పెట్టే పుస్తకాలంటే నాకు అందుకే గురి లేదు. ప్రతి దీవినీ విడిగా తట్టి వినాల్సిందే.

"మరి ఈడ కింద?" అన్నాడు తాత, తన బండను చూపిస్తూ.

"అది తెలుసుకోవడానికే నీ చెయ్యి కావాలి తాతా."

లేచాడు. సమ్మెట ఎత్తాడు. మా కుర్రాడు కొడితే పది దెబ్బలకు పది రకాలుగా వచ్చింది. ఆయన కొట్టిన పది దెబ్బలూ ఒక దాని మీద ఒకటి గీత తప్పకుండా కూర్చున్నాయి. ఒకే చోట కొట్టిన దెబ్బలను కలిపితే చెట్టు ఊగిన రొద, అటు పోయే ట్రాక్టర్ రొద ఒకదానికొకటి కొట్టేసుకుపోతాయి, అసలు అల పైకి తేలుతుంది. నేల మట్టిలో సెకనుకు 400 మీటర్లు, మొరంలో 1,500, కింద గట్టి రాయిలో 4,600. సాయంత్రానికి మూడు పొరలూ కాగితం మీద ఉన్నాయి. ఈ గట్టు కింద గట్టి రాయి ఆరు మీటర్ల లోతున ఉందన్న గీత చూపిస్తే తాత చేను అవతల ఉన్న బావి దగ్గరకు తీసుకెళ్ళాడు. దాన్ని తవ్వింది ఆయనే. లోపలి గోడలో మొరం ఆగి నల్లరాయి మొదలైన చోటు చూపించాడు. తాడు వదిలి కొలిచాం. ఆరు మీటర్లకు ఒక మూర తక్కువ.

కానీ ఈ పద్ధతికి ఒక గుడ్డితనం ఉంది. గట్టి రాయి కింద మెత్తటి రాయి ఉంటే, ఆ మెత్తటి పొర వెంట ముందుగా పరిగెత్తి వచ్చే అల ఉండదు, కాబట్టి అది ఈ లెక్కలో కనపడదు. ఇటు వణి, చంద్రపూర్ వైపు బొగ్గు ఉన్న గోండ్వానా అనే పాత మెత్తటి రాతి పొరలు కొన్నిచోట్ల ఈ నల్లరాయి కిందకే దూరిపోయి ఉన్నాయి. కిల్లారిలో భూకంపం తర్వాత 617 మీటర్ల బోరు వేసి చూశారు. పైన 338 మీటర్లు నల్లరాయి, దాని కింద 8 మీటర్ల పాత ఒండ్రు, ఆ కింద పురాతన శిల. ఆ 8 మీటర్లు పైనుంచి సమ్మెట కొడితే తెలిసేవి కావు.

నాలుగో రోజు

పొద్దున్నే చిక్కు. సమ్మెటకు కట్టిన ట్రిగ్గర్ వైరు తెగింది. అది లేకపోతే దెబ్బ ఏ క్షణాన పడిందో తెలియదు, లెక్కంతా వృథా. టెన్షన్‌తో బజారుకు పరిగెత్తాం. మోటారు వైండింగ్ షాపులో పద్దెనిమిదేళ్ళ కుర్రాడు వైరు చూసి ఏమీ అడగకుండా టంకం పెట్టే కావియా వేడి చేశాడు. పది నిమిషాల్లో టాకా వేసి, పైన సైకిల్ ట్యూబు ముక్క బిగించి ఇచ్చాడు. డబ్బు తీసుకోనన్నాడు. బలవంతాన టీ తాగించాం.

మిగిలిన పొద్దులో సహస్రకుండ్ వెళ్ళాం. పెన్‌గంగ అక్కడ నల్లరాయి మీది నుంచి దూకుతుంది. అవతలి ఒడ్డు యవత్మాల్ జిల్లా. ఈ రుతువులో నీళ్ళు తక్కువ కాబట్టి రాయి ఒళ్ళు కనపడింది. ఒక లావా దఫా పైభాగమంతా తేనెపట్టులా చిల్లులు, గాలి బుడగలు తప్పించుకున్న చోట్లు. కొన్ని చిల్లుల్లో తెల్లటి ఖనిజం నిండి ఉంది, వేలితో తడిమితే పంచదార పలుకుల్లా గరగర. దాని మీద మళ్ళీ బిగువైన రాయి, అది తర్వాతి దఫా. రీయూనియన్ పటాల్లో నేను అంకెలుగా చూసిన తేడా ఇదే. చిల్లుల రాయిలో తరంగం నెమ్మది, బిగువు రాయిలో వేగం. ఆరేళ్ళుగా కాగితం మీద చూసిన అంకెకు ఇవాళ వేలు తగిలింది. నీళ్ళ చప్పుడులో చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

రాత్రి రెండో సీస్మోమీటర్‌ను బంధువుల ఇంకో చేనులో పెట్టాం. చెప్పుకోదగ్గదేమీ జరగలేదు.

ఐదో రోజు

తెల్లవారుజామున కొట్టం దగ్గరకు వెళ్ళి రికార్డు తెరిచాను. రాత్రి రెండు దాటాక ఇండోనేషియా వైపు నుంచి ఒక భూకంపం వచ్చి పోయింది. ఊళ్ళో ఎవరికీ తెలియదు, అత్తయ్య నిద్ర చెదరలేదు. గీత మీద మాత్రం మొదటి అల నిటారుగా లేచి, కొన్ని నిమిషాలకు రెండోది, ఆ తర్వాత పొడుగాటి ఉపరితల అలలు.

మా అసలు పనికి కావలసింది ఆ మొదటి అల వెనకే దాక్కుని ఉంటుంది. దూరం నుంచి కిందుగా వచ్చిన అల, పటలం అడుగున ఉన్న మోహో సరిహద్దును దాటేటప్పుడు కొంత భాగం వేషం మార్చుకుంటుంది, నెమ్మదిగా నడిచే అలగా మారి కాస్త ఆలస్యంగా పైకి చేరుతుంది. ఆ ఆలస్యం ఎంతో తెలిస్తే మోహో ఎంత లోతో తెలుస్తుంది. ఇలాంటి చోట అది నాలుగైదు సెకన్లు. రీయూనియన్ కింద మోహో సుమారు 12 కిలోమీటర్లే కాబట్టి ఒకటిన్నర సెకను. ఒక్క రికార్డులో ఇది రొదలో కలిసిపోతుంది. డజన్ల కొద్దీ భూకంపాలు కలిపితే గాని పైకి తేలదు. తాత పది దెబ్బలు కలిపినట్టే. కాకపోతే ఇక్కడ సమ్మెట ఎత్తేది భూమి, అది ఎప్పుడు ఎత్తుతుందో మన చేతిలో లేదు. అందుకే నెలల తరబడి యంత్రాన్ని వదిలి వెళ్ళాలి.

2012లో ఫ్రాన్స్, జర్మనీ శాస్త్రవేత్తలు రీయూనియన్ చుట్టూ సముద్రం అడుగున 57 సీస్మోమీటర్లను వదిలారు. బరువు కట్టి వదిలితే నాలుగైదు కిలోమీటర్ల లోతుకు మునిగి, దాదాపు ఏడాది పాటు చీకట్లో ఒంటరిగా విన్నాయి. 2013లో ఇంకో ఓడ వచ్చి నీళ్ళలోకి శబ్దపు సంకేతం పంపితే బరువు విడిచి పైకి తేలాయి. ఆ మధ్యలో వచ్చిన డుమిలె తుఫాను అలజడి కూడా వాటిలో నమోదైంది. ఆ రికార్డులు కలిపి చూశాక, ఆ వేడి ఊట భూమి లోతుల నుంచి నిట్టనిలువు గొట్టంలా కాకుండా కొమ్మలు చీలిన చెట్టులా పైకి వస్తోందని 2021లో రాశారు. చిన్నప్పటి నుంచి నిటారు గొట్టం బొమ్మ చూసిన నాకు ఆ చెట్టు బొమ్మను ఒప్పుకోవడానికి సమయం పట్టింది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. రుజువు బలంగా ఉంది.

ఆ 57 యంత్రాల దగ్గర మనిషి లేడు. ఇక్కడ మామయ్య ఉన్నాడు. గుంత మీద మూత బిగించి, చీమలు పోకుండా చుట్టూ వేపపొడి చల్లాం. కేబుల్‌ను ఎలుకలు కొరక్కుండా ఇనుప గొట్టంలోంచి తీశాం. వారానికోసారి సోలార్ పలక మీద దుమ్ము తుడవాలని, పచ్చ లైటు ఆగితే ఫోన్ చేయాలని, కొట్టంలో ఎడ్లను కట్టొద్దని చెప్పాను. మామయ్య అన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

జీపు ఎక్కబోతుంటే తాత వచ్చాడు. గుడ్డలో చుట్టి ఏదో ఇచ్చాడు. బావి గట్టు దగ్గరి నల్లరాయి ముక్క, అరచేతి మందాన, ఒక వైపు నున్నగా చెక్కి ఉంది. వేలి గోటితో తట్టి నా చెవి దగ్గర పెట్టాడు.

"పలుకుతుందా?"

"పలుకుతుంది తాతా."

"సంక్రాంతి దాటినంక మళ్ళొస్తరు గద. అప్పటికి నీ పెట్టె ఎంత లోతు చెప్పిందో నాకు చెప్పాలె."

ఫిబ్రవరి రెండో వారానికి టికెట్లు ఇప్పుడే తీసేశాను.